తొక్కలో దాగిన పండు: ఇజు తీరంలో మికన్ బీరు వెంట

జపాన్‌లో చలికాలం వచ్చిందంటే ఎక్కడ చూసినా మికన్ పండ్లే. మన కమలాలకు దగ్గరి చుట్టం. గింజ ఉండదు, బొటనవేలు గుచ్చితే తొక్క దానంతట అదే ఊడి వస్తుంది. కూరగాయల కొట్లలో వలసంచుల నిండా, రైలు స్టేషన్ల దగ్గర బుట్టల్లో, ఇళ్ల గుమ్మాల పక్కన అట్టపెట్టెల్లో అవే. ఆ పండుతో చేసిన బీరు ఒకటుందని, అది చలికాలంలోనే దొరుకుతుందని టోక్యోలో ఉంటున్న మా పిన్ని కొడుకు చాన్నాళ్లుగా ఊరిస్తున్నాడు. మాది నల్లగొండ జిల్లాలో బత్తాయి తోటల ఊరు. నిమ్మజాతి పండు ఎక్కడ కనిపించినా ఆగి చూడటం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. బీరు కోసం కొంత, తోటల కోసం కొంత, ఫిబ్రవరిలో సెలవు పెట్టి బయలుదేరాను.

ఫిబ్రవరి 8, టోక్యో, మన్సేబాషి

అకిహబరా ఎలక్ట్రానిక్ దుకాణాల హోరు దాటి కందా నది ఒడ్డుకు వస్తే ఎర్ర ఇటుకల కమానులు బారుగా కనిపిస్తాయి. 1912లో ప్రారంభమైన మన్సేబాషి రైల్వే స్టేషను ఇది. స్టేషను ఎప్పుడో మూతపడింది. కమానుల కింద ఇప్పుడు దుకాణాలు, కాఫీ హోటళ్లు వెలిశాయి. పైనుంచి మాత్రం రైళ్లు ఇంకా పోతూనే ఉంటాయి. రైలు వెళ్లినప్పుడల్లా బల్ల మీద గ్లాసు సన్నగా వణుకుతుంది.

ఆ కమానుల్లోనే ఒకచోట హితాచినో నెస్ట్ వారి బీరుశాల ఉంది. వాళ్ల గుడ్లగూబ బొమ్మను ఒకసారి చూస్తే మరిచిపోలేం. దీని వెనక ఉన్న కియుచి సంస్థ ఇబరకి ప్రాంతంలో 1823 నుంచి సాకే అనే బియ్యపు మద్యం తయారుచేస్తోంది. బీరులోకి దిగింది 1996లో. నేను అడిగింది వాళ్ల దైదై ఏల్ (ఏల్ ఒక రకం బీరు). త్సుకుబా కొండ చుట్టుపక్కల పండే ఫుకురే మికన్ అనే బుల్లి పండును అందులో వాడతారు. మన నిమ్మకాయ కన్నా పెద్దదేమీ కాదు. దాని ఎండు తొక్కను ఆ ప్రాంతంలో షిచిమి అనే ఏడు దినుసుల కారప్పొడిలో కలుపుతారు. అంటే ఆ పండుకు ఊళ్లో ఉన్న గౌరవం తొనల వల్ల కన్నా తొక్క వల్లే వచ్చింది.

మొదటి గుక్కలో బీరులో వేసే హాప్స్ పూల చేదే. గట్టి చేదు, నాలుక వెనకభాగాన్ని పట్టుకుని వదలదు. పండు ఎక్కడుందా అని వెతుక్కుంటూ మింగాను. మింగిన తరువాత, ఊపిరి ముక్కులోంచి బయటికి వస్తున్నప్పుడు, అప్పుడు తగిలింది తొక్క వాసన. నాలుక మీద లేనిది ముక్కులో ఉంది. ఈ సంగతి మనసులో పెట్టుకున్నాను. మిగిలిన ప్రయాణమంతా దీని చుట్టూనే తిరిగింది.

పక్క బల్ల దగ్గర ఆఫీసు నుంచి వచ్చిన నలుగురు కూర్చున్నారు. వాళ్లలో చిన్నవాడు అందరి గ్లాసులూ నిండాయో లేదో చూసి, పెద్దాయన గ్లాసు ఎత్తేదాకా తనది ముట్టుకోలేదు. ఒకరి గ్లాసు ఇంకొకరు నింపడమే అక్కడి మర్యాద. సీసా ఉన్న బల్ల దగ్గర ఎవరి గ్లాసు వాళ్లు నింపుకోవడం నాకు ఎక్కడా కనబడలేదు. బిల్లు కట్టాక చిల్లర వదిలి రాబోతే మా తమ్ముడు ఆపాడు. "వద్దన్నా, ఇక్కడ టిప్ ఇవ్వరు. మరిచిపోయారనుకుని వెనక పరిగెత్తుకొస్తారు."

ఫిబ్రవరి 9, నిషి-కసాయ్

టోక్యోలో భారతీయులు ఎక్కువగా కనిపించే పేట ఇది. మా తమ్ముడి ఇంట్లో రాత్రి భోజనం అన్నం, పప్పుచారు, బంగాళాదుంప వేపుడు. భోజనానికి ముందు వాడు పక్క సందులోని కొట్టు నుంచి ఓ డబ్బా తెచ్చాడు. యో-హో సంస్థ వారి 'సుయియోబి నో నెకో', డబ్బా మీద పిల్లి బొమ్మ, మూడు వందల యెన్లకు అటూ ఇటూ. బెల్జియం పద్ధతిలో గోధుమ, నారింజ తొక్క, ధనియాలు వేసి చేసిన తెల్ల బీరు. ధనియాల మాట వినగానే మా మరదలు డబ్బా అందుకుని వాసన చూసింది. "నిజమే బావగారూ, మన ధనియాల వాసనే" అంది. చేదు దాదాపు లేదు. తేలిగ్గా, చల్లగా దిగిపోయింది. నాకు నచ్చింది కానీ పండు మాత్రం మర్యాదగా దూరంగా నిలబడ్డట్టే ఉంది.

ఇలాంటి బీర్లకు జపాన్ చట్టంలో ఓ కథ ఉంది. 1994 దాకా అక్కడ బీరు లైసెన్సు కావాలంటే ఏడాదికి కనీసం 20 లక్షల లీటర్లు తయారుచేయాలి. పెద్ద కంపెనీలు తప్ప ఇంకెవరు చేయగలరు? ఆ ఏడాది దాన్ని 60 వేల లీటర్లకు తగ్గించారు. అప్పటి నుంచే ఊరూరా చిన్న బీరుశాలలు పుట్టాయి. అయినా 2018 దాకా పండు వేస్తే అది చట్టం దృష్టిలో బీరు అయ్యేది కాదు. ఎంత మంచి మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) వాడినా, ఎంత శ్రద్ధగా చేసినా సీసా మీద 'హప్పోషు' అని అచ్చు వేయాల్సి వచ్చేది. చవక రకం పానీయాలకూ అదే పేరు. మాల్ట్ సగానికి మించి ఉంటే పన్ను మాత్రం బీరుతో సమానంగా వేసేవారు. పన్ను బీరుది, పేరు ఇంకోదానిది. ఇది నాకు అన్యాయంగానే అనిపించింది. 2018 ఏప్రిల్‌లో నియమం మారింది. మాల్ట్ బరువులో 5 శాతం దాకా పండ్లు, సుగంధ దినుసులు వేసినా బీరు అనే పిలవవచ్చు. అంతకు మించి పండు పోస్తే ఇప్పటికీ హప్పోషునే. అందుకే రసం కుమ్మరించే వాళ్ల కన్నా తొక్కను తెలివిగా వాడే వాళ్లకు ఈ మార్పు ఎక్కువగా కలిసి వచ్చింది.

ఫిబ్రవరి 10, నుమాజు

ఇజు ద్వీపకల్పం మొదట్లో, సురుగా అఖాతం ఒడ్డున ఉన్న చేపల పట్టణం. ఆకాశం తేటగా ఉంటే ఫుజి పర్వతం ఇళ్ల కప్పుల మీదుగా దర్శనమిస్తుంది. ఆ ఉదయం తేటగానే ఉంది. ఈ అఖాతం జపాన్‌లోకెల్లా లోతైనది, రెండున్నర వేల మీటర్ల దాకా దిగుతుంది. అందుకే రేవులో పేరు తెలియని లోతునీటి చేపలు కుప్పలు పోసి ఉంటాయి, పెద్ద పెద్ద కళ్లతో.

నుమాజు ఎండుచేపలకు పెట్టింది పేరు. అజి అనే చేపను వీపు వైపో కడుపు వైపో చీల్చి, పుస్తకంలా తెరిచి, ఉప్పునీళ్లలో ముంచి గాలికి ఆరబెడతారు. మన కోస్తాలో ఎండబెట్టినట్టు కరకరలాడేదాకా ఎండనివ్వరు. లోపల తడి ఉండగానే తీసి నిప్పుల మీద కాలుస్తారు. రేవు పక్క సందులో ఓ ముసలాయన జల్లెడల లాంటి చట్రాల మీద చేపలు పరిచి, ఒక్కొక్కదాని తోకను ఒకే దిక్కుకు సర్దుతున్నాడు. ఫొటో తీయవచ్చా అని అడిగితే తాను పక్కకు జరిగి చేపలను చూపించాడు. పక్కనే హోటల్లో అదే చేప, అన్నం, మిసో చారు, ముల్లంగి తురుముతో భోజనం పదిహేను వందల యెన్లు. తమ్ముడు చేపను తిరగేయబోయి ఆగాడు. పైభాగం తిన్నాక వెన్నెముక తీసి పక్కన పెట్టి కిందిభాగం తినాలట, తిరగేయకూడదట.

సాయంత్రం రేవు దగ్గరే ఉన్న, బెయర్డ్ అనే బీరు సంస్థ వారి ఫిష్‌మార్కెట్ ట్యాప్‌రూమ్‌కు, అంటే కుళాయి నుంచి బీరు పోసే గదికి వెళ్లాం. అమెరికా నుంచి వచ్చిన బ్రయన్ బెయర్డ్, ఆయన భార్య సయురి 2000లో ఇక్కడే మొదలుపెట్టారు. అప్పట్లో ఒక్కో విడతకు తయారయ్యేది 30 లీటర్లు. మన ఇళ్లలో పెళ్లికి పులుసు కాచే గుండిగ కన్నా తక్కువ. ఆ కొలతతో వ్యాపారం నిలబడటం కష్టమే. అయినా అదే వాళ్లకు మేలు చేసిందని నా నమ్మకం. చిన్న గిన్నెలో ఏది వేసినా వెంటనే తెలుస్తుంది. రుచి చూసి మార్చుకోవచ్చు, తప్పితే పారబోసినా దివాలా తీయరు. ఆ తరువాత పెద్దదైన సంస్థ 2014లో షుజెంజికి తరలింది. ఈ గది మాత్రం ఇక్కడే ఉంది.

బయట చలి, లోపల చెక్క బల్లల వాసన. గ్లాసు నింపే ముందు కౌంటర్ దగ్గరి కుర్రాడు అడిగిన మొదటి ప్రశ్న: "కారులో వచ్చారా?" తాగి బండి నడిపితే నడిపినవాడితో పాటు పోసినవాడికీ, పక్కన కూర్చున్నవాడికీ శిక్ష పడే దేశం అది. నడిచే వచ్చామన్నాకే కుళాయి తిప్పాడు.

తమ్ముడు ఊరించిన బీరు ఇదే, 'కార్పెంటర్స్ మికన్ ఏల్'. జపనీయులు దీన్ని దైకు-సాన్ నో మికన్ ఏల్ అంటారు. వీళ్ల ట్యాప్‌రూమ్‌లను కట్టిన వడ్రంగికి మికన్ తోట ఉంది. ఆ తోట పండ్లతో చేసిన బీరు కాబట్టి ఆయన పేరే పెట్టారు. గోడలు కట్టిన చేతికి గ్లాసులోనూ చోటిచ్చిన వాళ్లను చూస్తే నాకు గౌరవం కలిగింది.

ఇక గ్లాసు సంగతి. రంగు ముదురు తేనెది, అందులో కొంచెం మసక. వడపోయని బీరు కాబట్టి దాన్ని పులియబెట్టే ఈస్ట్ అందులోనే ఉంటుంది. నురగ వేలెడు ఎత్తున లేచి, దిగుతూ అంచుకు గీతలు వదిలింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే మొదట కాల్చిన రొట్టె లాంటి మాల్ట్ వాసన, దాని వెనక హాప్స్. మికన్ ఎక్కడో మూల నుంచి తొంగిచూస్తున్నట్టు ఉంది, అంతే. గుక్క వేశాను. పండు అనగానే నాలుక తీపికి సిద్ధమవుతుంది. తీపి రాలేదు. నోరు శుభ్రంగా, పొడిగా అయిపోయింది. నాలుక పక్కలకు సన్నని పులుపు, చివర్లో చేదు. ఆ చేదులో హాప్స్ ఎంత, తొక్క ఎంత అని విడదీయలేకపోయాను. రెండూ కలిసే ఉన్నాయి.

"అన్నా, ఇందులో పండేదీ?" తమ్ముడి మొహంలో నిరాశ. ఏడాదిగా ఊరించినవాడు వాడే. అయితే ఇన్నాళ్లూ వాడు కూడా దీన్ని తాగలేదని అప్పుడే బయటపడింది.

నాకు తెలిసినంతలో చెప్పాను. రసంలో ఉన్న చక్కెర మొత్తం ఈస్ట్ తినేస్తుంది. బీరు పులిసేది అలాగే. చక్కెర పోయాక రసంలో మిగిలేది కొంత పులుపు, కొంత నీరు. తీయటి పండ్ల పానీయం లాంటి బీరు కావాలంటే పులిసిన తరువాత రసమో సిరప్పో కలపాలి. అలాంటివి టోక్యోలో ఒకచోట తాగాం, పేరు ఇక్కడ అవసరం లేదు, సగం గ్లాసు దగ్గరే మొహం మొత్తింది. వీళ్లు ఆ పని చేయలేదు.

మెహికరి అనే లోతునీటి చిన్న చేపల వేపుడు వచ్చింది. వేడివేడిగా, ముల్లుతో సహా తినేయవచ్చు, లోపల కొవ్వు. అలాంటి వేపుడు మీద ఎవరైనా నిమ్మకాయ పిండుకుంటారు. మేము పిండలేదు. ఒక చేప, ఒక గుక్క. కొవ్వును కడిగేసి నోటిని మళ్లీ చేపకు సిద్ధం చేసే పని బీరే చేసింది. ఈలోగా గ్లాసులో చల్లదనం తగ్గింది. అడుగున మూడో వంతు మిగిలినప్పుడు ముక్కు దగ్గర పెట్టుకుంటే, దబ్బాకు నలిపినప్పుడు వచ్చే ఘాటు. ఇందాక మూల నుంచి తొంగిచూసిన పండు గది మధ్యకు వచ్చేసింది. తమ్ముడి గ్లాసు అప్పటికే ఖాళీ. నాది వాడికి ఇచ్చాను. వాసన చూసి, ఏమీ అనకుండా ఇంకో గ్లాసు చెప్పాడు. ఈసారి దాన్ని బల్ల మీద చాలాసేపు అలాగే ఉంచాడు.

ఫిబ్రవరి 11, నిషియురా

నుమాజు నుంచి సముద్రం అంచునే బస్సు. దారంతా ఓ యానిమే ధారావాహిక పాత్రల బొమ్మలే. దాని కథ జరిగేది ఈ ఊళ్లలోనేనట. జాతీయ సెలవు దినం కావడంతో ఆ అభిమానులతో బస్సు నిండిపోయింది. వాళ్లంతా దిగిపోయాక చివరికి మేమూ, సంచులతో ఇద్దరు అవ్వలూ మిగిలాం.

నిషియురాలో కొండ నేరుగా సముద్రంలోకి దిగుతుంది. కొండ మొత్తం మికన్ తోటలే. నీళ్ల అవతల ఫుజి, మోకాళ్ల దాకా మంచు. తీరానికి అనుకుని మేము పట్టిన దారి రెండు మలుపులు తిరిగి కొండ పైకి ఎక్కి, ఓ రేకుల షెడ్డు దగ్గర ఆగిపోయింది. షెడ్డు పక్క నుంచి ఒంటి రైలుపట్టా ఒకటి చెట్ల మధ్యగా నిటారుగా పైకి పోతోంది. దాని మీద చిన్న ఇంజను, వెనక పండ్ల పెట్టెలు పెట్టే బండి. మనిషి ఉత్తచేతులతో ఎక్కడానికే ఆయాసపడే వాలులో పెట్టెలు దింపేది ఇదే. మా నల్లగొండ తోటలు నేల మీద చదునుగా ఉంటాయి. ట్రాక్టరు చెట్ల మధ్యకు వచ్చేస్తుంది. ఇక్కడ ఒక్కో పెట్టె వెనక ఎంత చాకిరీ ఉందో ఆ పట్టా వాలును చూస్తే తెలిసింది.

షెడ్డులోంచి ఒకావిడ వచ్చింది. డెబ్బై దాటి ఉంటాయి. తలకు గుడ్డ, మోచేతుల దాకా తొడుగులు. దారి తప్పి తోటలోకి వచ్చామని తమ్ముడు వంగి వంగి క్షమాపణ చెబుతుంటే ఆవిడ వినిపించుకోకుండా రెండు పీటలు లాగింది. షెడ్డు లోపల చెక్కపెట్టెలు గోడ ఎత్తున పేర్చి ఉన్నాయి. ఇక్కడి పేరున్న రకం జుతారో మికన్. 1975లో ఈ నిషియురాలోనే ఓ రైతు తన తోటలో, మామూలు చెట్టు కొమ్మ ఒకటి వేరుగా కాయడం గమనించి దాన్ని అంటుకట్టి పెంచాడు. ఆయన పేరే రకానికీ నిలిచింది. చలి మొదట్లో కోసి, ఇలా పెట్టెల్లో నిలవ ఉంచి, పులుపు తగ్గాక కొత్త సంవత్సరంలో అమ్ముతారు. కోసిన రోజే లారీ ఎక్కించే మా బత్తాయి రైతులకు ఈ ఓపిక ఆశ్చర్యంగా ఉంటుంది.

ఆవిడ పండు తీసి, తొడిమ వైపు కాకుండా అడుగు వైపు నుంచి గుచ్చి, తొక్కను నాలుగు రెక్కల పువ్వులా విప్పి, తొనలను అందులోనే ఉంచి నా చేతిలో పెట్టింది. తొనల మీది తెల్లటి పీచు తీయబోతే వద్దంది. అది ఒంటికి మంచిదట. పండు తీపి, ఆ తీపి కింద గట్టి పులుపు. తొనల పైపొర పలుచగా, నోట్లో పడగానే పగిలిపోయేలా ఉంది.

మా ఊళ్లోనూ ఇలాంటి తోటలేనని తమ్ముడు చెప్పగానే ఆవిడ ప్రశ్నలు మొదలయ్యాయి. చెట్టు ఎత్తెంత, నీళ్లెలా, కాయ బరువెంత. ఫోనులో బత్తాయి ఫొటో చూపించాను. పచ్చగా ఉందేమిటి, పండలేదా అంది. అది పండాక కూడా పచ్చగానే ఉంటుందని, దాన్ని వలిచి తినేవాళ్లు తక్కువ, రసం తీసేవాళ్లే ఎక్కువని చెప్పాను. మరి తొక్క ఏం చేస్తారంది. పారేస్తాం అన్నాను. ఆవిడ చేయి ఆగిపోయింది. నమ్మలేనట్టు తమ్ముడి వైపు చూసింది.

లేచి ఎండలోకి వెళ్లి, నన్ను రమ్మని సైగ చేసింది. చేతిలోని తొక్క ముక్కను వెలుగుకు అడ్డంగా పట్టుకుని, రంగు వైపు బయటికి ఉండేలా రెండు వేళ్లతో ఒక్కసారి మడిచింది. తొక్క మీది సన్నని చుక్కల్లోంచి నూనె తుంపరలు చిమ్మాయి. ఎండలో పొగమంచులా ఒక క్షణం వెలిగి మాయమయ్యాయి. వాసన మాత్రం పోలేదు. నుమాజులో గ్లాసు అడుగున నాకు దొరికిన వాసన సరిగ్గా ఇదే. పండు లోపలి రసంలో ఇది లేదు. అప్పుడే తొన నమిలాను కదా, అందులో తీపీ పులుపూ ఉన్నాయి, ఈ ఘాటు లేదు. ఇదంతా ఆ నారింజ రంగు పొరలోనే, గుండుసూది మొన కన్నా చిన్న గదుల్లో దాక్కుని ఉంది. దాని కిందే ఉన్న తెల్లటి పొర చేదు, వగరు. బీరు చేసేవాడి నేర్పు ఈ రెండు పొరల మధ్యే తేలుతుంది. ఎక్కువసేపు మరిగిస్తే ఈ నూనె ఆవిరితో పాటు ఎగిరిపోతుంది, తెల్లపొర చేదు మాత్రం దిగుతుంది. అందుకే తొక్కను మరుగు చివర్లోనో ఆ తరువాతో వేస్తారు.

వెళ్తుంటే ఆవిడ సంచెడు పండ్లు ఇచ్చింది, డబ్బు తీసుకోలేదు. కిందికి వచ్చాక రోడ్డు పక్కన మనిషి లేని చిన్న కొట్టు కనిపించింది. చెక్క అరల్లో మికన్ సంచులు, పక్కన తాళం వేసిన డబ్బా, దానికో చీలిక. సంచి వంద యెన్లు, మన అరవై రూపాయలకు లోపే. తీసుకున్నవాళ్లు డబ్బాలో నాణెం వేసి వెళ్తారు. ఆవిడకు ఇవ్వలేకపోయినందుకు అక్కడ మేము రెండు సంచులు కొన్నాం. ఆ కొట్టు ఆవిడదో కాదో తెలియదు కానీ ఆ కొండ మీది వాళ్లదే ఎవరిదో అయి ఉంటుంది.

ఫిబ్రవరి 12, షుజెంజి

లోయలో చిన్న నది, దాని పక్కన వేడినీటి ఊటలు, వెదురు తోపు. 807లో కూకై అనే బౌద్ధ గురువు స్థాపించిన గుడి పేరే ఊరికీ వచ్చింది. ఉదయం ఊరి స్నానశాలలో మునిగాం. ముందు పీట మీద కూర్చుని ఒళ్లు రుద్దుకుని, సబ్బు మొత్తం పోయేదాకా కడుక్కోవాలి, ఆ తరువాతే తొట్టిలో దిగాలి. చేతి తువ్వాలు నీళ్లకు తగలకూడదు. పక్కన ఉన్న పెద్దాయన తన తువ్వాలు మడిచి నెత్తిన పెట్టుకుని, మేమూ అలాగే పెట్టుకునే దాకా మా వైపే చూశాడు. పెట్టుకున్నాక తల ఊపి కళ్లు మూసుకున్నాడు.

మధ్యాహ్నం సోబా అనే నూడుల్స్. ఇజు కొండల్లోని వాగునీటిలో పెరిగే వసాబి దుంప ఒకటి, చిన్న తురుముబల్ల ఒకటి పళ్లెంలో పెట్టి ఇచ్చారు. ఎవరికి కావలసినంత వాళ్లు తురుముకోవాలి. తురిమిన నిమిషానికే ఘాటు నెత్తికెక్కుతుంది, కాసేపు వదిలేస్తే చప్పబడిపోతుంది. మిగిలిన దుంపను ఇంటికి తీసుకెళ్లమని సంచి ఇచ్చారు.

బెయర్డ్ వారి పెద్ద బీరుశాల ఊరికి కాస్త దూరంగా, కానో నది ఒడ్డున ఉంది. కింద తయారీ, మూడో అంతస్తులో ట్యాప్‌రూమ్. కిటికీల్లోంచి నది, కొండలు. ఇక్కడ ఒక్కో విడత 6,000 లీటర్లు. 30 లీటర్ల రోజులతో పోలిస్తే సముద్రమే. పండ్లను మాత్రం ఇప్పటికీ చేత్తోనే వలిచి, చేత్తోనే పిండుతారని గ్లాసులు తెచ్చిన అమ్మాయి చెప్పింది. తొక్క, రసం రెండూ వాడతారు. ఆ రోజుల్లో సాయంత్రానికి చేతులు పసుపుపచ్చగా మారిపోతాయని అరచేతులు తిప్పి చూపించింది. అప్పుడు వాటి మీద రంగేమీ లేదు, అయినా చూపించింది.

మికన్ ఏల్ మళ్లీ చెప్పాం, ఈసారి అంత చల్లగా వద్దని అడిగి మరీ. అదే బీరు. నుమాజులో సగం గ్లాసు దాకా మూసుకుని ఉన్నది ఇక్కడ మొదటి గుక్క నుంచే విప్పారింది. ముందు తొక్క నూనె, తరువాత మాల్ట్, చివర్లో ఆ చేదు. నిషియురా షెడ్డులో వేళ్లకు అంటిన వాసన ఉంది కాబట్టి ఇప్పుడు చేదును విడదీయగలిగాను. హాప్స్ చేదు నాలుక మధ్యన దిగుతుంది, తొక్క చేదు పక్కల నుంచి, కొంచెం వగరుతో వస్తుంది. ఈ వగరు కొందరికి నచ్చదు. పక్కబల్ల ఆవిడ తన భర్త గ్లాసులోంచి ఒక గుక్క తాగి, ముఖం చిట్లించి, తన లేత రంగు బీరుకే తిరిగి వెళ్లింది. నాకు మాత్రం ఆ వగరు లేకపోతే ఇది పండు వాసన పూసిన బీరు అయ్యేది. అది ఉంది కాబట్టే పండుతో చేసిన బీరు అయింది.

వేసవికి వీళ్లే నత్సుమికన్ అనే పెద్ద, పుల్లటి పండుతో ఇంకో ఏల్ చేస్తారు. అది ఇప్పుడు దొరకదు. సీసాల ధర చూస్తే ఒక్కోటి ఐదారు వందల యెన్లు. వీళ్ల బీరు సీసాలోనే మరోసారి పులిసి బుడగలు కట్టుకుంటుంది కాబట్టి అడుగున ఈస్ట్ పేరుకుంటుంది. నిలబెట్టే ఉంచమని, పోసేటప్పుడు కదపవద్దని చెప్పి రెండు పొరల కాగితంలో చుట్టి ఇచ్చారు.

"అన్నా, మన బత్తాయితో చేస్తే?" తమ్ముడు రెండో గ్లాసు మీద ఉండగా అడిగాడు. హైదరాబాదులోనూ ఇప్పుడు బీరు అక్కడికక్కడే చేసి పోసే చోట్లు ఉన్నాయి. ఎవరో ఒకరు పూనుకోవాలి. బత్తాయి తొక్క మందం, తెల్లపొర కూడా ఎక్కువే. పైపచ్చను మాత్రమే పలుచగా చెక్కాలి. రసంలో పులుపు తక్కువ కాబట్టి బీరులో పడ్డాక అది ఎక్కడా కనబడదు. నల్లగొండ బత్తాయి తొక్క, దానికి తోడు పులుపు కోసం గూడూరు నిమ్మ అయితే కుదురుతుందని నేనన్నాను. వాడు నిమ్మ వద్దన్నాడు. నిమ్మ వేస్తే అన్నీ నిమ్మ వాసనే వస్తాయి, దబ్బకాయ వేయాలన్నాడు. దబ్బ తొక్క చేదు సంగతేమిటన్నాను. అందుకే కొంచెమే వేయాలన్నాడు. ఎంత కొంచెం అన్నదాని దగ్గర మాటామాటా పెరిగి, సంచిలోంచి మికన్ తీసి తొక్క చెక్కి కొలత చూపించేదాకా వచ్చింది. గ్లాసులు తెచ్చిన అమ్మాయి ఆ తొక్కలు చూసి నవ్వి, ఇక ఆఖరి ఆర్డరు చెప్పమంది. అదే ఏల్ ఇంకొకటి, ఇద్దరికీ కలిపి చెప్పాం.